హెడ్‌స్టోన్ వంతెన

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, మాన్సల్ డేల్ లోయలో వై నదిని దాటే అయిదు కమానుల పాత రైలు వంతెన. మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ దీన్ని 1863లో పూర్తిచేసింది. పచ్చని లోయ అందం చెడిపోయిందని ప్రసిద్ధ కళా విమర్శకుడు జాన్ రస్కిన్ ఈ రైలుమార్గాన్ని ఘాటుగా నిరసించాడు. కాలక్రమంలో ఆ వంతెనే లోయకు గుర్తుగా మారింది. 1970లో ప్రభుత్వం దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది.

1968లో ఈ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. తర్వాత పీక్ డిస్ట్రిక్ట్ జాతీయోద్యానవన సంస్థ దారిని తన చేతుల్లోకి తీసుకుని, 1981లో మాన్సల్ ట్రయిల్ పేరిట నడకదారిగా తెరిచింది. రైలు కోసం చదునుగా వేసిన దారి కావడంతో ఇక్కడ నిటారు ఎత్తులు లేవు. చక్రాల కుర్చీలకూ పిల్లల సైకిళ్లకూ ఇంతకంటే అనువైనది ఆ కొండల్లో అరుదు.

అయితే వంతెన ఒక్కటే నిలిస్తే చాలలేదు. దాని చివరనే ఉన్న హెడ్‌స్టోన్ సొరంగాన్ని భద్రత దృష్ట్యా మూసి ఉంచడంతో, వచ్చినవారు కొండ చుట్టూ బాటలు పట్టి పోవలసి వచ్చేది. 2011 మే నెలలో ఇలాంటి నాలుగు సొరంగాలను బాగుచేసి, దీపాలు అమర్చి తెరిచారు. ఈ పునరుద్ధరణలో అసలైన మలుపు ఇదే. బేక్‌వెల్ నుంచి బక్స్‌టన్ సమీపం దాకా దాదాపు 13.7 కిలోమీటర్ల దారి నడిచేవారికి, సైకిల్, గుర్రపు స్వారీ చేసేవారికి ఏకధాటిగా అందుబాటులోకి వచ్చింది.