వృత్తి దారి ఎక్కడ మూసుకుపోతోంది? వికలాంగ యువత చదువు, శిక్షణ, ఉపాధిపై ఒక పరిశీలన

వికలాంగుల ఉపాధి మీద మన దగ్గర జరిగే చర్చ చాలావరకు రిజర్వేషన్ దగ్గర మొదలై రోస్టర్ పాయింట్ల దగ్గర ఆగిపోతుంది. ఆ చర్చ అవసరమే. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం కేటాయిస్తే, 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది. గుర్తించిన వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచింది. ఈ మధ్యలో, ఆ శాతాన్ని కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద లెక్కగట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అయితే 2011 జనగణనలో నమోదైన 2.68 కోట్ల మంది వికలాంగుల్లో పని చేస్తున్నవారు 36 శాతం. పిల్లలను, వృద్ధులను కూడా కలిపిన లెక్కే అయినా ఇది తక్కువే. కారణం వెతుక్కుంటూ వెనక్కి వెళితే నియామక ప్రకటన కన్నా చాలా ముందు, పదిహేను పదహారేళ్ల వయసు దగ్గర ఆగుతాం. పిల్లలు ఏ సబ్జెక్టు చదవాలో, ఏది వదిలేయాలో తేలిపోయేది అక్కడే. వృత్తి దారి మూసుకుపోయేది కూడా ఎక్కువగా అక్కడేనన్నది ఈ వ్యాసం వాదన.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ విషయం అందరికీ తెలిసిందే. పుట్టుకతో అంధుడైన ఆయనకు పదో తరగతి తర్వాత సైన్సు చదివే అవకాశం ఇవ్వలేదు. కోర్టుకెక్కి సాధించుకున్నారు, అమెరికాలో ఎంఐటీలో చదివారు, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఈ కథను మనం పట్టుదలకు నిదర్శనంగా చెప్పుకుంటాం. పరిశోధకులు ఆగి చూడాల్సింది మాత్రం కోర్టు దాకా వెళ్లాల్సి రావడాన్ని. వెళ్లే స్తోమత, అండ లేని పిల్లలు ఇచ్చిన గ్రూపులో చేరిపోతారు. వాళ్ల పేర్లు ఏ తీర్పులోనూ ఉండవు.

అంధులు గణితం, సైన్సు చదవలేరన్న అభ్యంతరానికి ఎంత బలముందో ఒక పరికరంతో చూడవచ్చు. టేలర్ ఫ్రేము అనేది వరసలుగా ఎనిమిది మూలల రంధ్రాలున్న పలక. అందులో చదరపు లోహపు బిళ్లలు గుచ్చుతారు. బిళ్లకు ఒక కొసన గీతలాంటి అంచు, రెండో కొసన రెండు చిన్న మొనలు ఉంటాయి. ఒక్కో కొసను ఎనిమిది దిక్కులకు తిప్పవచ్చు కాబట్టి ఒకే రకం బిళ్లతో పదహారు గుర్తులు వస్తాయి. పది అంకెలు పోగా మిగిలినవి కూడిక, తీసివేత లాంటి గుర్తులకు సరిపోతాయి. వేలికొసలతో తడిమి లెక్క పూర్తి చేస్తారు. పొడవాటి సమీకరణాలకు ఇది నెమ్మది. వాటి కోసం అబ్రహాం నెమెత్ అనే అంధ గణితవేత్త రూపొందించిన బ్రెయిలీ గణిత లిపి 1950ల నుంచీ ఉంది. కంప్యూటర్ తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. కానీ పాఠ్యపుస్తకాన్ని ఫొటోలా స్కాన్ చేసి ఇస్తే అది మూగబోతుంది. లోపం పిల్లవాడి చూపులోనే ఉందనుకున్నంత కాలం పుస్తకాన్ని సరిచేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఇక్కడే మినహాయింపుల గురించి నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబు, రెండో మూడో భాషల మినహాయింపు 2016 చట్టంలోనే ఉన్నాయి. మొదటి రెండూ చదువును దగ్గర చేస్తాయి. సబ్జెక్టునే తీసేసే మినహాయింపు అలా కాదు. అవసరమైన పిల్లలకు అది ఊరటే, సందేహం లేదు. నేర్పే టీచరు లేక, సామగ్రి లేక బడి దాన్ని వాడుకుంటే మాత్రం, ఆ రోజు దక్కిన వెసులుబాటు నాలుగేళ్ల తర్వాత అర్హత లేకపోవడంగా తేలుతుంది.

చదువు దారి తెరిచి ఉంచడానికీ మూసేయడానికీ ఉన్న ఈ తేడా కోర్టు తీర్పుల్లోనూ కనిపిస్తుంది. దృష్టిలోపం ఉన్నవారిని న్యాయాధికారుల నియామకాలకు దూరం పెట్టకూడదని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కును అడగడానికి న్యాయశాస్త్రం చదివిన అంధులు ఉన్నారు, ఎందుకంటే లా కాలేజీ దారి వాళ్లకు తెరిచే ఉంది. ప్రయోగశాలల విషయంలో అలా అడిగేవారే అరుదు. పదహారేళ్లకే పక్కకు తప్పించినవారు ముప్పయ్యేళ్లకు పిటిషనర్లుగా ఎక్కడి నుంచి వస్తారు?

దారి మూసేసేది సబ్జెక్టు మినహాయింపు ఒక్కటే కాదు, వైకల్య శాతం కూడా. 2024లో ఓంకార్ గోండ్ అనే విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు, వైకల్య శాతం ఒక్కటే చూసి వైద్యవిద్య సీటు నిరాకరించరాదని, విద్యార్థి కోర్సు చదవగలడా అన్నది పరీక్షించాలని చెప్పింది. వైకల్యాన్ని నిర్ధారించే మన సదరం శిబిరాల్లో పిల్లల చేతికి వచ్చేది శాతమే. పింఛనుకూ బస్సుపాసుకూ అది పనికొస్తుంది. ఏ సాయంతో ఏ పని చేయగలరో కాలేజీకీ యజమానికీ అది చెప్పదు.

మేధో వైకల్యం ఉన్న యువతకు వచ్చేసరికి సమస్య ఇంకా లోతైనది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉండడం మన అదృష్టం. అయినా సాధారణంగా ఈ పిల్లలకు దొరికే శిక్షణ కొవ్వొత్తులు, కాగితం కవర్ల దాకానే. అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో 1996లో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్, ముందు శిక్షణ ఆ తర్వాత పని అన్న వరసను తిరగేసింది. అత్యవసర విభాగంలో సామగ్రి నింపే పనిలో ఎవరూ నిలవడం లేదని గమనించిన నర్సు ఎరిన్ రీల్, ఆ పనికి వికలాంగ యువతను ఎందుకు తీసుకోకూడదని ఆలోచించారు. బడిలో చివరి ఏడాది విద్యార్థులు పనిచోటే తరగతిగా, మూడు విభాగాల్లో వంతులవారీగా పని నేర్చుకుంటారు. ఏ అరలో ఏది, ఎన్ని ఉండాలి, తక్కువైతే ఎవరికి చెప్పాలి అంటూ పనిని మెట్లుగా విడగొట్టి, పక్కన నిలబడి నేర్పే శిక్షకుడు క్రమంగా తప్పుకుంటాడు. వరస మారని, కచ్చితత్వం కోరే ఇలాంటి పని వీరిలో చాలామందికి బాగా నప్పుతుంది.

అమెరికా చట్టం ప్రకారం విద్యార్థికి పదహారేళ్లు వచ్చేసరికి బడి తర్వాతి జీవితానికి ప్రణాళిక రాసి ఉండాలి. మన 2016 చట్టం 18 ఏళ్ల దాకా ఉచిత విద్య ఇస్తుంది, వృత్తి శిక్షణ గురించి వేరే సెక్షనులో చెబుతుంది. ఈ రెంటి మధ్యా పిల్లవాడి చేయి పట్టుకునే బాధ్యత ఎవరిదో చెప్పదు. కాబట్టి ఎనిమిదో తరగతిలోనే ప్రతి వికలాంగ విద్యార్థికీ ఒక రాతపూర్వక ప్రణాళిక ఉండాలి. తను ఏం చదవాలనుకుంటున్నాడు, దానికి ఏ పరికరం కావాలి, ఎవరు నేర్పుతారు, ఎప్పటికి అందుతుంది అన్నవి అందులో ఉండాలి. సబ్జెక్టు మినహాయింపు కోరే దరఖాస్తులో, నేర్పడానికి బడి ఏమేం ప్రయత్నించిందో ప్రధానోపాధ్యాయుడు రాసి సంతకం చేయాలి. ఆ గడి ఖాళీగా వచ్చిన దరఖాస్తును బోర్డు వెనక్కి పంపాలి.