సీటు లెక్క బయటికొచ్చిన కథ

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఆన్‌లైన్‌లోకి వచ్చాక జరిగిన మేలేమిటని అడిగితే చాలామంది ప్రయాణం తప్పిందంటారు. పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని, సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని ఊరుగాని ఊరు వెళ్లి పడిగాపులు కాసే బాధ పోయింది కాబట్టి ఆ మాట కాదనడానికి లేదు. కానీ తెలుగునాట ఎంసెట్ చరిత్రను కాస్త వెనక్కి వెళ్లి చూస్తే అసలు మార్పు అది కాదనిపిస్తుంది. ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర సీటు ఆగిపోయిందో చెప్పే పట్టిక ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టడమే అసలు మార్పు. ఆ పట్టిక అవసరాన్ని పుట్టించింది కూడా వెబ్ కౌన్సెలింగే.

మొదట్లో గొడవంతా డబ్బు గురించి. డొనేషన్ పుచ్చుకుని సీటిచ్చే పద్ధతిని ఆపడానికి 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం వచ్చింది. 1986లో ఇంజినీరింగ్, వ్యవసాయ, వైద్య కోర్సులకు కలిపి ఎంసెట్ మొదలైంది. స్థానికులకు 85 శాతం సీట్లన్న 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అప్పటికే అమల్లో ఉంది. దాని ప్రకారం ఆంధ్రా, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులు మూడు స్థానిక ప్రాంతాలు. 1988లో ఉన్నత విద్యామండలి ఏర్పడింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లు అని విడదీసింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని పక్కనపెట్టింది. ఇప్పుడు మనం వింటున్న కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా లెక్కలు ఆ తర్వాతి సర్దుబాట్లలోంచి వచ్చినవే. ఈ చట్టాలూ తీర్పులూ ‘సీటు ఎవరికి?’ అన్న ప్రశ్నకే జవాబు చెప్పాయి. ‘ఏ సీటు మంచిది, నాకు ఏది వస్తుంది?’ అన్న విద్యార్థి ప్రశ్న వాటిలో ఎక్కడా లేదు.

ఆ ప్రశ్న అప్పట్లో తేలేది కౌన్సెలింగ్ హాల్లో. ర్యాంకుల వరుసలో పిలుస్తారు. వంతు వచ్చేసరికి ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో కళ్లముందు ఉంటాయి. ఉన్నవాటిలో ఒకటి చెప్పాలి, అంతే. మంచి కాలేజీలో సివిలా, ఓ మోస్తరు కాలేజీలో కంప్యూటర్సా అన్నది తండ్రీకొడుకులు అక్కడికక్కడే తేల్చుకోవాలి. వెనకాల వరుస కదులుతూ ఉంటుంది. పేరే వినని కాలేజీని ఒక్క చూపులో ఎంచుకోవాల్సి రావడం ఈ పద్ధతిలోని లోపం. అయినా దానికో సుగుణం ఉంది. అక్కడ జోస్యంతో పనిలేదు. తన ర్యాంకుకు ఏం మిగిలిందో విద్యార్థి చూసే అడిగేవాడు.

ఈ శతాబ్దం మొదటి దశాబ్ది చివరికొచ్చేసరికి ఈ హాలు చాలలేదు. కాలేజీలు వందల్లోకి వెళ్లాయి. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదువు పేద ఇళ్లకూ అందుబాటులోకి వచ్చింది. ఆ రోజుల్లోనే వెబ్ కౌన్సెలింగ్ వచ్చి ఆట నియమాన్ని తిరగేసింది. ఇప్పుడు ఖాళీలు కనబడవు. తనకు కావలసిన కాలేజీ, బ్రాంచి జతలన్నిటినీ ముందే వరుసపెట్టి ఇవ్వాలి. గడువు దాటితే ఆ వరుసే ఖాయం. కంప్యూటర్ ర్యాంకుల క్రమంలో ఒక్కొక్కరి జాబితానూ పైనుంచి కిందికి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి సీటును ఇచ్చేస్తుంది. అందుకే ముందు కాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్, ఆప్షన్ నంబరు రాసుకుని ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోవాలని అధికారులు చెబుతూ వచ్చారు. హాల్లో ఒక్క నిర్ణయంతో పోయేది. ఇక్కడ యాభయ్యో వందో నిర్ణయాలు ముందుగానే తీసుకోవాలి. అంటే పద్ధతి తేలికయ్యేకొద్దీ విద్యార్థికి తెలిసి ఉండాల్సింది పెరిగింది.

ఆ తెలియనితనంలోకి దళారులు దూరారు. పాస్‌వర్డు ఉండే స్క్రాచ్ కార్డును విద్యార్థుల దగ్గర తీసుకుని కొన్ని కాలేజీలు తమకు కావలసినట్టు ఆప్షన్లు పెట్టుకున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. మొబైల్‌కు ఓటీపీ పంపే ఏర్పాటు వచ్చాక దానికి కొంత కళ్లెం పడింది. కానీ తాళం మారిస్తే దొంగతనం ఆగుతుందిగాని తెలియనితనం పోదు. అది పోవడానికి దోహదం చేసింది కిందటి ఏడాది చివరి ర్యాంకుల పట్టికే. అందులో ఒక్కో వరుసా ఒక కాలేజీలోని ఒక బ్రాంచి. పక్కనే ఓసీ, బీసీల్లోని ఏ నుంచి ఈ దాకా, ఎస్సీ, ఎస్టీ గడులు, అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా. మా కాలేజీలో సీట్లు అయిపోతున్నాయి, ఇవాళే అడ్వాన్సు కట్టండని ఫోన్ చేసే పీఆర్వో మాటను ఆ ఒక్క వరుసతో సరిచూడొచ్చు. నిరుడు ఆ బ్రాంచిలో ర్యాంకు లక్ష దాటినా సీటు దొరికి ఉంటే తొందరపడాల్సిన పనేమీ లేదన్నమాట. ప్రభుత్వం ఇచ్చిన సలహా పుస్తకాలన్నిటికంటే, దాని సొంత రిజిస్టరును తెరిచి చూపడమే ఎక్కువ పని చేసిందని అనడం ఇందుకే. ఐఐటీలు, ఎన్‌ఐటీలకు 2015 నుంచి సీట్లు కేటాయిస్తున్న జోసా కూడా ప్రతి రౌండుకూ ప్రారంభ, ముగింపు ర్యాంకులు బయటపెడుతుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది: నిరుటి ర్యాంకు ఈ ఏటికి పనికిరాదని. నియమాలు మారితే అంకెలు మారతాయి, నిజమే. రాష్ట్ర విభజన తర్వాత ఉమ్మడి ప్రవేశాలు పదేళ్లు కొనసాగాలన్న చట్టం గడువు 2024లో ముగిసింది. అటువంటి మలుపుల దగ్గర పాత పట్టికను గుడ్డిగా నమ్మితే దెబ్బతింటాం. అయితే పట్టిక చెప్పేది హామీ కాదు, అంచనా. రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకుంటే ర్యాంకు ఎటు కదులుతోందో తెలుస్తుంది. పైగా ఆప్షన్ల నియమమే విద్యార్థి పక్షాన ఉంది. అందదనుకున్న కాలేజీని మొదట పెట్టినంత మాత్రాన కిందివాటికి వచ్చే నష్టం ఏమీ లేదు. ‘పై ఆప్షన్ వేస్టవుతుంది’ అన్న భయం ఇంకా చాలా ఇళ్లలో ఉంది, దానికి ఆధారం లేదు. నిజమైన నష్టం జాబితాను పొట్టిగా ముగించడంలోనూ, ఇష్టంలేని దాన్ని పైన పెట్టడంలోనూ ఉంది.

రెండో అభ్యంతరం గట్టిది. చివరి ర్యాంకు గిరాకీని చెబుతుందిగాని చదువును చెప్పదు. అందరూ వెళ్తున్నారు గనక వెళ్లేవాళ్లతోనే ఆ అంకె తయారవుతుంది. ఒప్పుకోవాల్సిందే. కానీ మిగతా ఆధారాల సంగతి చూడండి. కాలేజీ వెబ్‌సైటులో తప్పనిసరిగా ఉండాల్సిన ఏఐసీటీఈ వివరాలు కాలేజీ రాసుకున్నవే. 2016 నుంచి వస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు మూలం కూడా చాలావరకు సంస్థలు పంపిన లెక్కలే. ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీల గురించి చెప్పక్కర్లేదు. చివరి ర్యాంకు మాత్రం కాలేజీ రాసుకున్నది కాదు, వేలమంది ఆప్షన్లలోంచి తేలింది. స్క్రాచ్ కార్డుల కాలంలో దానిలోనూ కల్తీకి వీలుండేది గనక ఆ నాటి అంకెలను కొంత అనుమానంగానే చూడాలి. ఫీజు ఎంతో నియంత్రణ సంస్థ ఉత్తర్వులో, బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో ఆ బోర్డు సైటులో చూసుకుని, ఆ తర్వాత ఈ పట్టిక తెరిస్తే సగం పొల్లు ఎగిరిపోతుంది.

ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్ల మాటేమిటంటే, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలోని హెల్ప్‌లైన్ కేంద్రాలు కొంత ఆదుకున్నాయి. అయినా చాలా ఊళ్లలో ఆప్షన్లు పెట్టించేది నెట్ సెంటర్ కుర్రాడే, సలహాదారూ అతనే. ఇది వెబ్ తెచ్చిన కొత్త పరాధీనత. దాన్ని తగ్గించే మార్గం మళ్లీ హాలు తెరవడం కాదు. రాష్ట్ర విభజనతో ఎంసెట్ రెండుగా చీలి, పేరు కూడా ఈఏపీసెట్‌గా మారింది కాబట్టి ఆ బాధ్యత ఇప్పుడు ఇద్దరిది. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండలులూ ఏటేటా కొత్త సైటు తెరవడంతో సరిపెట్టకుండా, పాత సంవత్సరాల చివరి ర్యాంకుల పట్టికలన్నిటినీ ఒకేచోట, తెలుగులో, ఫోనులో తెరుచుకునేలా ఉంచాలి.