కబడ్డీ బరిలో స్త్రీల లీగు: పుట్టుపూర్వోత్తరములు

రంగారెడ్డి జిల్లాలోని ప్రొద్దుటూరునుండి గాని, చేవెళ్ళ, మొయినాబాదులనుండి గాని హైదరాబాదు నగరమునకు పోవువారికి గచ్చిబౌలి క్రీడాప్రాంగణము దవ్వు కాదు. 2016 జూలై 31న స్త్రీల వృత్తిపరమైన కబడ్డీకి మన దేశమున తొలి ప్రయత్నమైన విమెన్స్ కబడ్డీ ఛాలెంజ్ తుదిపోరు అచ్చటనే జరిగినది. స్టార్మ్ క్వీన్స్‌కు 24, ఫైర్ బర్డ్స్‌కు 23. ఒక్క పాయింటు తేడా!

ఓడిన జట్టునకు నాయకురాలు మమతా పూజారి. ఉడుపి సీమలో పుట్టి, దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగినియై, 2012లో పాట్నాలో తొలి స్త్రీల ప్రపంచ కప్పును జట్టు నాయకురాలిగా గెలిచి, 2010, 2014 ఆసియా క్రీడల స్వర్ణములలో పాలుపంచుకొని, అర్జున పురస్కారమందిన ఈమెకు గూడ స్వదేశమున ఒక లీగు కొరకు అంతకాలము వేచియుండవలసివచ్చెను. పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు గల బరిలో, ఊపిరి విడువక ముప్పది సెకనులు కూతపెట్టుచు, ఎదిరిని తాకి, పట్టు తప్పించుకొని, మధ్యగీతను వ్రేలికొనతోనైన అందుకొనుట ఎంతటి విద్యయో చెడుగుడాడినవారే యెరుగుదురు.

ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ 1990లో చేరగా, స్త్రీలది చేరుటకు మరి యిరువది యేండ్లు పట్టినది. 2014లో పురుషులకు ప్రో కబడ్డీ వచ్చెను. స్త్రీలకు దాని నీడలో దొరకినది మూడు జట్లు, ఒక్క నెల. ఆ పోటీ మరల జరుగలేదు. ఫైర్ బర్డ్స్, ఐస్ దివాస్, స్టార్మ్ క్వీన్స్ అను ఆ పేర్లలో ఒక్క ఊరి పేరైన లేదు. తనదనుకొన్న జట్టు లేనిదే జనము ఏల కదలును? అయినను ఊరిపేరొక్కటే చాలదు. అమెరికాలో టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్, సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి జోన్ జాయిస్ మున్నగువారు 1976లో నెలకొల్పిన స్త్రీల సాఫ్ట్‌బాల్ లీగులో తమ రాష్ట్రము పేరు పెట్టుకొన్న కనెక్టికట్ ఫాల్కన్స్ వరుసగా నాలుగేండ్లు విజేతలైరి. ఆ నాలుగేండ్లకే లీగు మూతబడెను. ధనమును, ఓపికయు గల పోషకులు గూడ వలయును.

2023లో దుబాయిలో ఎనిమిది జట్లతో మరియొక లీగు వెలసినది. 2025 ఏప్రిల్‌లో గురుగ్రామ్‌లో జరిగిన వేరొక పోటీలో తెలుగు చీతాస్ అను మన స్త్రీల జట్టు తుదిపోరు వరకు వచ్చి, తమిళ్ లయనెస్ చేతిలో ఓడినది. ఆ తెలుగు పేరు మరల బరికెక్కిన నాడు, మీ ఊరి బడిపిల్లలను వెంటబెట్టుకొని పోయి చూడుడని నా మనవి.