గ్రామఫోను రికార్డులు: లక్కనుండి అంకెలకు

మన గ్రామములలో పెక్కిండ్ల అటకలమీద ఒక పాత ట్రంకుపెట్టె యుండును. దానిని దింపి చూచినచో అట్టసంచులలో నల్లని రికార్డులు కొన్ని కనబడును. కొన్నింటిపై నాటక పద్యముల పేళ్లు, కొన్నింటిపై హరికథల పేళ్లు, కొన్నింటిపై చీడ తినివేసిన చీటీలు. వానిని కొన్నవారు లేరు. పాడినవారును లేరు. వినిపించు యంత్రము మూలబడి యెన్నియో యేండ్లయినది. పారవేయుటకు మనసొప్పక, ఉంచుటకు కారణము తోచక, ఇంటివారు వానిని అట్లే యుంచినారు. ఆ పలకలలోని గళమును ఇంటియందే అంకెలరూపమున భద్రపరచుట నేడు సాధ్యమైనది. కాని యీ పనిలో జరుగు పొరపాటులలో పెక్కు రికార్డు చరిత్ర తెలియకపోవుటవలననే కలుగుచున్నవి. కావున ఆ చరిత్రను ముందుగా మనవి చేసెదను.

ధ్వని యనగా గాలియొక్క కంపనము. ఆ కంపనమును మొట్టమొదట గీతగా గీయించినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన లియోన్ స్కాట్. 1857లో ఆయన చేసిన యంత్రము మసి పూసిన కాగితముపై మాట యొక్క కంపనములను సన్నని గీతగా గీచెడిది. దానిని మరల వినవచ్చునను తలంపు ఆయనకు లేదు. ధ్వనిని కంటితో చూచుటయే ఆయన కోరిక. 1860లో ఆయన గీయించిన యొక పాటను అమెరికాలో పండితులు 2008లో కంప్యూటరు సహాయమున వినిపింపగలిగిరి. మొదట అది బాలిక గొంతువలె వినబడెను. పిమ్మట విచారింపగా వారు దానిని రెట్టింపు వేగమున నడిపినట్లు తేలెను. వేగమును సరిచేయగా అది పురుషుని కంఠము. స్కాట్ కంఠమే కావచ్చునని వారి యభిప్రాయము. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు మరల పని కలదు.

1877లో అమెరికాలో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన గొట్టముపై ధ్వనిని గాడిగా నొక్కి, ఆ గాడినుండియే దానిని మరల పలికించెను. 1887లో ఎమిల్ బెర్లినర్ గొట్టమునకు మారుగా చదునైన పలకను గ్రహించెను. పలకయైనచో ఒక అచ్చునుండి వేలకొలది ప్రతులు నొక్కవచ్చును. రికార్డు వ్యాపారమంతయు ఈ సౌకర్యముపైననే పెరిగినది.

1902లో గ్రామఫోను కంపెనీవారి పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మనదేశపు గాయకుల పాటలను రికార్డు చేసెను. వారిలో ప్రసిద్ధురాలు గౌహర్ జాన్. ఆమె పాట ముగియగానే ఇంగ్లీషున తన పేరు తాను చెప్పెడిది. వినువారికి అది గర్వమువలె తోచవచ్చును. కాని కారణము వేరు. ఆ మైనపు పలకలు ఓడలమీద జర్మనీ దేశమున హనోవరు పట్టణమునకు పోయి అచ్చట అచ్చుపడవలెను. అచ్చటి పనివారికి మన భాష తెలియదు, మన గాయకులు తెలియరు. ఏ పలక యెవరిదో తెలిసి చీటీ అంటించుటకు ఆ పేరు ఆధారము. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసిన పిదప మనదేశపు రికార్డులు ఇచ్చటనే తయారగుచుండెను.

ఆ రికార్డులు దేనితో చేసినవి? లక్కతో. మన అడవులలో చెట్లకొమ్మలపై పురుగులు పెట్టు లక్కను శుద్ధిచేసి, అందు మెత్తని రాతిపొడి కలిపి, వేడిమీద నొక్కెడివారు. పది అంగుళముల పలక నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక ప్రక్క మూడు నిమిషములకు పైచిలుకు పాట పట్టును. రాత్రి తెల్లవార్లు సాగు నాటకమును మూడేసి నిమిషముల ముక్కలుగా కోయవలసి వచ్చెను. గంటసేపు పాడదగిన రాగము నాలుగు సంగతులతో ముగిసెను. 1925లో విద్యుత్తుతో రికార్డు చేయు పద్ధతి వచ్చి, అంతకుముందు బాకాలోనికి అరచి పాడవలసిన గాయకుడు మెల్లగా పాడుటకు వీలు కలిగెను.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు వినైలు అను ప్లాస్టిక్కుతో లాంగ్‌ప్లే రికార్డును వెలువరించిరి. అది నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. గాడి మిక్కిలి సన్నము. ఒక ప్రక్కనే ఇరువది నిమిషములకు మించి పట్టును. మరుసటి యేట 45 చుట్ల చిన్న రికార్డు వచ్చినది. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు 1963లో పాడిన వేంకటేశ సుప్రభాతము ఈ లాంగ్‌ప్లే మీదనే ఇంటింటికి చేరినది. 1974లో ఘంటసాలగారు స్వర్గస్థులైన పిదప వెలువడిన భగవద్గీతయు ఇట్టిదే.

ఇక అంకెల సంగతి. పొలమును కొలుచునపుడు గట్టు పొడవునను ప్రతి బెత్తెడును కొలువము. తగిన దూరములలో గొలుసు వేసి, ఆ కొలతలను పుస్తకమున వ్రాసికొన్నచో పటము గీయవచ్చును. ధ్వని కంపనమును గూడ అట్లే క్షణక్షణము కొలిచి అంకెలుగా వ్రాయవచ్చునని 1937లో అలెక్ రీవ్స్ అను ఇంగ్లీషువాడు యోచించెను. ఎంత తరచుగా కొలిచిన చాలునో నైక్విస్ట్, షానన్ అను పండితులు తేల్చిరి: వినదగిన అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపునకు మించి కొలువవలెను. మనుష్యుని చెవికి సెకండుకు 20,000 కంపనములవరకు వినబడును. అందుచేత 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కులో సెకండుకు 44,100 మారులు, 65,536 మెట్ల కొలబద్దతో ధ్వనిని కొలిచిరి. నేడు ఇంటి కంప్యూటరునకు తగిలించు చిన్న పరికరమే సెకండుకు 96,000 మారులు, కోటి అరువదియేడు లక్షలకు పైబడిన మెట్లతో కొలువగలదు.

ఇప్పుడు పని యెట్లు చేయవలెనో వినుడు. మొదట రికార్డును కడుగవలెను. వినైలు రికార్డును బట్టియెత్తిన శుద్ధజలముతో, గాడి వెంబడి మెత్తని గుడ్డతో తుడువవచ్చును. సారాయి కలిసిన ద్రవమును లక్క రికార్డునకు తగులనీయరాదు. లక్క దానిలో కరగును. మధ్యనున్న కాగితపు చీటీ తడువరాదు.

రెండవది సూది. తాతలనాటి బాకా యంత్రమున ఉక్కుసూది యుండెడిది. లక్కలోని రాతిపొడి ఆ సూదిని అరగదీయును. అందుచేతనే ప్రతి ప్రక్కకు క్రొత్త సూది మార్చెడివారు. ఆ యంత్రముపై వినైలు రికార్డును పెట్టినచో సూదికి బదులు గాడియే నాశనమగును. నేటి టర్న్‌టేబుల్‌నకు వజ్రపు సూది. లక్క రికార్డు గాడి వెడల్పు గనుక సూదికొన వ్యాసార్ధము అంగుళములో వేయింట మూడు పాళ్లు ఉండవలెను. వినైలునకు వేయింట ఒక పాలు, అంతకు తక్కువయు చాలును. సన్నని సూది వెడల్పు గాడి అడుగున దొర్లి, అచ్చటి దుమ్మును మాత్రమే పలికించును.

మూడవది స్వరసమత. గాడి వెడల్పు పెరుగకుండుటకై రికార్డు చేయునపుడు మంద్రధ్వనిని తగ్గించి, తారధ్వనిని హెచ్చింతురు. వినునపుడు మరల సరిచేయవలెను. ఈ పని చేయునది ఫోనో ఆంప్లిఫయరు. ఈ హెచ్చుతగ్గులకు 1954లో ఒక సామాన్యమైన కొలత యేర్పడినది. అంతకుముందు ఏ కంపెనీ కొలత దానిదే. కావున పాత రికార్డులకు చెవితో మరల సవరణ వలయును.

నాలుగవది ధ్వనిమట్టము. 2000లో వెలువడిన అడాసిటీ అను ఉచితమైన కంప్యూటరు సాధనముతో ఈ పని చేయవచ్చును. పాటలో మిక్కిలి గట్టిగా పలుకు చోటునను మట్టపు గుర్తు పైయంచును తాకరాదు. తాకినచో ఆ స్వరము కోసివేసినట్లగును, పిమ్మట బాగుపడదు. ఇరువది నిమిషముల ప్రక్క ఇంచుమించు 690 మెగాబైట్ల చోటు తీసికొనును. దానిని ధ్వని ఏమియు పోగొట్టని ఫ్లాక్ రూపమున దాచవలెను. చిటపటలను తీసివేయదలచినచో వేరొక ప్రతిలో తీయుడు. మొదటి ప్రతిని ముట్టరాదు. చిటపటలతోబాటు మృదంగపు చాపు, గాయకుని ఊపిరి గూడ మాయమగుట కలదు.

ఐదవది వేగము. పూర్వపు రికార్డులన్నియు సరిగా 78 చుట్లవి కావు. స్కాట్ పాట వేగము తప్పి బాలిక గొంతైన సంగతి చెప్పితిని. మన రంగస్థలమున స్థానం నరసింహారావుగారివంటి పురుషులు సత్యభామాది స్త్రీ పాత్రలను ధరించి పాడినారు. అట్టి రికార్డులో వినబడు హెచ్చుశ్రుతి నటుని నేర్పో, యంత్రపు వేగమో నేటి కుఱ్ఱవాడెట్లు చెప్పగలడు? ఆ నటులను, వారి బాణీలను విన్న చెవులు చెప్పవలెను.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, పేరు. గౌహర్ జాన్ తన పేరు తాను చెప్పుకొన్నది. మన నాటక సమాజముల పాటగాండ్రు పెక్కుమంది చెప్పలేదు. చీటీ చీడపట్టినచో వారి పేరును పోవును. కావున ప్రతి పాటకు పాడినవారు, నాటకము, పాత్ర, చీటీపై సంఖ్య, చీటీ చుట్టునున్న నునుపైన వలయమున చెక్కిన సంఖ్య వ్రాసి, చీటీకి ఫోటో తీసి జతచేయుడు. ప్రతులు రెండైనను ఉండవలెను, ఒకటి వేరొక యింట. 2008లో హాలీవుడ్డులో యూనివర్సల్ వారి ఆవరణమున నిప్పంటుకొని అమూల్యమైన మూలపు టేపులు దగ్ధమైనవి. గొప్ప కంపెనీల కొట్లకే అట్టి ఆపద రాగా, అటకమీది పెట్టెకు రాదన్న భరోసా లేదు. మనదేశపు చట్టప్రకారము ప్రచురణమైన మరుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లు రికార్డుపై హక్కు నిలుచును. ఇంటివారు వినుట వేరు, అమ్ముట వేరు అని గుర్తుంచుకొనుడు. ప్రతి తయారైనదని రికార్డును పారవేయకుడు. నేటికంటె మంచి సూది రేపు రావచ్చును.

యంత్రపు పని మనుమలు చేయగలరు. ఆ గొంతు ఎవరిదో, ఆ పద్యము ఏ రంగములోనిదో, మన యూరి తిరునాళ్లలో దానిని ఎవరు ఎట్లు పాడిరో చెప్పవలసినవారు పెద్దలే. ఈ మాట వ్రాయించు పనిని వచ్చే యేటికి వాయిదా వేయరాదు. పెట్టెను ఈ వారముననే దింపించి, మొదటి రికార్డు చీటీని మనుమనిచేత చదివించుడు.