అతినీలలోహిత విస్ఫోటాలు (సూర్యుడు)

సూర్యుడి మీద మచ్చలుండే క్రియాశీల ప్రాంతాల్లో అతినీలలోహిత కాంతిలో ఉన్నట్టుండి మెరిసే చిన్న వెలుగులు. చిన్నవన్నది సూర్యుడి లెక్కలోనే. వెడల్పు వందల కిలోమీటర్లు ఉంటుంది. కొన్ని నిమిషంలోపే ఆరిపోతాయి, కొన్ని గంట దాటి నిలుస్తాయి. వ్యతిరేక ధ్రువాల అయస్కాంత రేఖలు ఎదురుపడి తెగి, కొత్తగా కలిసినప్పుడు విడుదలయ్యే శక్తి అక్కడి చల్లని వాయువును సుమారు 80,000 డిగ్రీలకు వేడెక్కించి రెండు దిక్కులకూ చిమ్ముతుంది. అందుకే వర్ణపటంలో సిలికాన్ గీతలు బాగా వెడల్పవుతాయి. నాసా ఐరిస్ ఉపగ్రహం పరిశీలనలతో 2014లో ఇవి వెలుగులోకి వచ్చాయి. 1917లో ఖగోళ శాస్త్రవేత్త ఎల్లర్మన్ వర్ణించిన హైడ్రోజన్ మెరుపులు వీటికి దగ్గరి చుట్టాలు.

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన భారత వ్యోమనౌక ఆదిత్య-ఎల్1లో ‘సూట్’ దూరదర్శిని 200–400 నానోమీటర్ల మధ్య సూర్యుణ్ణి చిత్రిస్తుంది. ఈ విస్ఫోటాల్లో వెడల్పయ్యే, 140 నానోమీటర్ల దగ్గరుండే సిలికాన్ గీతలు దానికి అందవు. 280 దగ్గరి మెగ్నీషియం గీతలు అందుతాయి.