బడిలోకి వచ్చి వెళ్ళిపోయిన ఒక సంవత్సరం

మొన్న సంక్రాంతికి సూర్యాపేట వెళ్ళినప్పుడు పెద్దమామయ్య పాత ట్రంకుపెట్టెలో ఆయన హెచ్.ఎస్.సి. ధ్రువపత్రం కనబడింది. "నేను పి.యు.సి. గడప తొక్కకుండానే డిగ్రీలో చేరానురా" అని ఆయన అంటుంటే ఇన్నాళ్ళూ గొప్పకు చెప్పుకుంటున్నారనుకొనేవాణ్ణి. తరచి చూస్తే ఆ మాట వెనుక ఒక చరిత్రే ఉన్నది.

1952లో నియమితమైన మాధ్యమిక విద్యాసంఘానికి ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షులు. అప్పట్లో ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ కళాశాల చదువే. ఆ రెండేళ్ళనూ విడదీయమని 1953లో సంఘం సిఫారసు చేసింది. ఒక ఏడాదిని బడికి కలపాలి. రెండవదాన్ని డిగ్రీకి చేర్చి దానిని మూడేళ్ళు చేయాలి. పాత పద్ధతి హైస్కూలు ముగించినవారు మాత్రం ఒక ఏడాది పి.యు.సి. చదవాలి. అంటే హెచ్.ఎస్.సి. పిల్లవాడు బడిబల్ల మీద కూర్చునే కళాశాల చదువులో ఒక ఏడాది గడించేవాడన్నమాట.

పెద్దమామయ్యకు ఆ ఏడాది ఇంటి అన్నంతో గడిచింది. చిన్నమామయ్య చదివిన బడిలో హెచ్.ఎస్.సి. లేదు. పి.యు.సి. కోసం పట్నంలో గది అద్దెకు తీసుకొని, డబ్బు చాలక సగంలోనే తిరిగివచ్చాడు. తెలివిలో అన్నదమ్ములకు తేడా లేదు. తేడా అల్లా ఆ ఒక్క సంవత్సరం ఎక్కడ చదవవలసి వచ్చిందన్నదే.

అయితే బడిలో కళాశాల పాఠం చెప్పడానికి తగిన ఉపాధ్యాయులూ, ప్రయోగశాలలూ కావాలి. తమ బడిలో రసాయనశాస్త్ర ప్రయోగాలు చాలావరకు నల్లబల్ల మీదనే జరిగాయని పెద్దమామయ్యే ఒప్పుకున్నారు.

1969లో ఆంధ్రప్రదేశ్ పి.యు.సి.ని వదలి రెండేళ్ళ ఇంటర్మీడియెట్‌ను ప్రవేశపెట్టింది. 1971లో దానికొక బోర్డు ఏర్పడింది. రాష్ట్రమంతటా చదువు ఒకే తీరుకు వచ్చింది, నిజమే. కానీ బడిలోకి వచ్చిన ఆ సంవత్సరం మళ్ళీ బడి దాటి వెళ్ళిపోయింది. తరువాతి కాలంలో పదిహేనేళ్ళ పిల్లలు కోదాడలో బస్సెక్కి విజయవాడ హాస్టళ్ళకు పోవడం మా వైపు మామూలైపోయింది.

2008లో ఈ కథ మరో మలుపు తిరిగింది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను నేరుగా ఆరేళ్ళ చదువుకు చేర్చుకున్నది. మొదటి రెండేళ్ళకు పెట్టిన పేరు మళ్ళీ పి.యు.సి.! మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తా అయిన మా బంధువు కూతురు అలాగే బాసర చేరింది. ఆ సంగతి చెబితే చిన్నమామయ్య చాలాసేపు మాట్లాడలేదు.

"అమ్మాయికి గది అద్దె ఎంతట?" అని చివరికి అడిగాడు.

వసతి అక్కడేనన్నాను. తల పంకించి, అన్నగారి ధ్రువపత్రాన్ని జాగ్రత్తగా మడిచి పెట్టెలో పెట్టాడు.