బ్రోంగెర్స్మా గుడ్డిపాము

దక్షిణ అమెరికాయందు ఆండీస్ పర్వతపంక్తికి తూర్పున, ఉత్తరమున ట్రినిడాడ్ ద్వీపము మొదలుకొని దక్షిణమున అర్జెంటీనా ఉత్తరభాగము వరకు, మట్టిలోపల సంచరించుచు చీమలను, వాని గ్రుడ్లను భక్షించి జీవించు విషరహితమైన చిన్నపాము ఇది. శాస్త్రనామము అమెరోటిఫ్లోప్స్ బ్రోంగెర్స్మియానస్. నిడివి సాధారణముగా అడుగునకు మించదు. వీపు గోధుమవన్నె, ఉదరము పసుపు కలసిన తెలుపు. తక్కిన పాములలో చాలవానికి ఉదరమున అడ్డముగా నుండు వెడల్పైన పొలుసులు దీనికి లేవు. ఒకే పరిమాణముగల నున్నని పొలుసులు దేహమును చుట్టును కప్పియుండును. కన్నులు పొలుసు క్రింద నల్లని చుక్కలుగా మాత్రమే కానవచ్చును; వెలుగునకు చీకటికి గల భేదమును గ్రహించుటకే అవి ఉపకరించును. తోక కొసనున్న చిన్న ముల్లు, పామును చేతబట్టినప్పుడు చర్మమునకు గ్రుచ్చుకొనునే గాని హాని చేయదు.

చూపునకు వానపామును బోలిన గుడ్డిపాములను కుటుంబములుగా విభజించుటకు దంతస్థితి ముఖ్యాధారము. టిఫ్లోపిడే కుటుంబమున పళ్లు పై దవడకే యుండును. లెప్టోటిఫ్లోపిడే కుటుంబమున క్రింది దవడకే యుండును. ఈ రెండు కుటుంబములును దక్షిణ అమెరికాలో నున్నవి గనుక బాహ్యరూపమును మాత్రమే నమ్మి నిర్ణయించుట ప్రమాదకరము. మన పాము మొదటి కుటుంబమునకు చెందినది.

బ్రెజిల్ దేశపు బహియా తీరమున లభించిన నమూనాను 1972లో వాన్జోలిని అను శాస్త్రజ్ఞుడు వర్ణించి, డచ్చి శాస్త్రవేత్త బ్రోంగెర్స్మా గౌరవార్థము టిఫ్లోప్స్ బ్రోంగెర్స్మై అని నామకరణము చేసెను. ఆ పేరు అంతకుముందే మరియొక పామునకు చెల్లియుండుటచే 1976లో ఆయనయే దానిని బ్రోంగెర్స్మియానస్ అని సవరించెను. 2014లో హెడ్జెస్ మొదలగు శాస్త్రజ్ఞులు ఒక వ్యాసమున జన్యుపదార్థ పరిశీలన నాధారముగా గొని, మధ్య, దక్షిణ అమెరికా ప్రధానభూభాగపు జాతులను అమెరోటిఫ్లోప్స్ అను ప్రజాతిగా వేరుచేసిరి. విశాఖపట్టణమునుండి పాట్రిక్ రసెల్ 1796లో వర్ణింపగా, 1803లో దొడాఁ శాస్త్రనామ మొసగిన మన దేశపు గుడ్డిపాము ఇండోటిఫ్లోప్స్ ప్రజాతిలో చేరినదియు ఆ వ్యాసముతోడనే.

టిఫ్లోపిడే కుటుంబము దక్షిణ అమెరికాకు చేరిన విధము మిక్కిలి ఆశ్చర్యకరము. 2010లో వెలువడిన జన్యుపరిశోధన ననుసరించి, ఖండములు విడివడిన చాలకాలమునకు, సుమారు 6 కోట్ల సంవత్సరముల క్రిందట, దీని పూర్వజులు తేలియాడు వృక్షసమూహములపై ఆఫ్రికానుండి అట్లాంటిక్ సముద్రమును దాటియుండవలెను.

బ్రోంగెర్స్మియానస్ జాతికి గల ఇంత విశాలమైన వ్యాప్తి అమెరోటిఫ్లోప్స్ ప్రజాతిలో అన్ని జాతులకును లేదు. సావో ఫ్రాన్సిస్కో నదీతీరపు ఇసుకదిబ్బలయందు వసించు యోనెనాగే, అమోయిపిరా జాతులు క్రమముగా 1991, 2002 సంవత్సరములలో గాని శాస్త్రలోకమునకు తెలియరాలేదు. అందుచే బ్రోంగెర్స్మియానస్ పేరిట వివిధ దేశముల సంగ్రహాలయములలో నున్న పాత నమూనాలన్నియు ఒకే జాతివని తలపక, వాని పొలుసులను, జన్యువులను మరల పరీక్షించుట యుక్తము.